తెర మూలన ఒక అంకె

టెలివిజను తెర మూలన కనబడే చిన్న గుర్తుకు కూడా ఒక చరిత్ర ఉంటుందా అని ఎవరైనా అడిగి ఉంటే, కొన్నేళ్ళ క్రితం నేనూ నవ్వి ఊరుకునేవాడినే. మన తరం వారికి దూరదర్శన్ చిహ్నం గుండ్రంగా తిరుగుతూ రూపు దిద్దుకోవడం, దాని వెనుక వినిపించే ఆ రాగం మనసులో ముద్రపడిపోయిన సంగతులు. ఆ తరువాత ఉపగ్రహ ఛానెళ్ళు వచ్చాయి, ప్రతి ఛానెలుకూ తెర మీద ఒక శాశ్వత చిరునామా ఏర్పడింది. చిహ్నం లేని తెరను మనం ఊహించలేము. కాని జపానులో దాదాపు యాభై ఏళ్ళపాటు మామూలు టెలివిజను తెర మీద అటువంటి శాశ్వత చిహ్నమే లేదు. అక్కడి ప్రాంతీయ కేంద్రాలు తామెవరో ప్రేక్షకులకు మరో విధంగా చెప్పుకునేవి. ఆ పద్ధతి ఎలా మారింది, మారిన కాలంలో ఏమి జరిగింది అన్నదే ఈ టపా.

దేశమంతటి కథ చెప్పడం నా వల్ల కాదు. కనుక ఒక్క నగరాన్ని తీసుకుంటాను. టోక్యోకు ఉత్తరంగా సుమారు 350 కిలోమీటర్ల దూరాన, మియాగి రాష్ట్రానికి రాజధాని, తోహోకు ప్రాంతం మొత్తానికీ పెద్ద నగరం సెందాయి. ఈ నగరాన్నే ఎంచుకోవడానికి కారణం చదువుతూ ఉంటే మీకే తెలుస్తుంది.

పిలుపు అక్షరాలు

జపానులో ప్రసార కేంద్రాల పిలుపు అక్షరాలన్నీ 'జేఓ'తో మొదలవుతాయి. జాతీయ సంస్థ ఎన్‌హెచ్‌కే టోక్యో కేంద్రం జేఓఏకే, ఒసాకా జేఓబీకే, నగోయా జేఓసీకే. నాలుగవదైన జేఓడీకే ఈనాటి జపానులో లేదు. అది వలస పాలన నాటి కేజో నగరానిది, అంటే నేటి సియోల్‌ది. ఒక సామ్రాజ్యపు పటం నాలుగు అక్షరాలలో ఇలా దాగి ఉంది. ఆ వరుసలోనే సెందాయి కేంద్రానికి 1928లో జేఓహెచ్‌కే వచ్చింది.

జపానులో టెలివిజను 1953లో మొదలైంది. ఫిబ్రవరి 1న ఎన్‌హెచ్‌కే, ఆగస్టు 28న తొలి ప్రైవేటు సంస్థ నిప్పన్ టెలివిజన్ టోక్యోలో ప్రసారాలు ఆరంభించాయి. టోక్యో వెలుపల ప్రైవేటు టెలివిజను విస్తరించడానికి దారి తీసింది మాత్రం 1957 అక్టోబరు నాటి నిర్ణయం. అప్పటి తపాలా తంతి మంత్రి, తరువాత ప్రధాని అయిన తనకా కకుఎయ్, ముప్ఫైకి పైగా సంస్థలకు ఒకేసారి ప్రాథమిక అనుమతులు ఇచ్చివేశాడు. అప్పటికి ఆయన వయస్సు 39 ఏళ్ళు. ఆ దెబ్బతో ఒక్కొక్క రాష్ట్రానికి ఒక్కొక్క టెలివిజను సంస్థ పుట్టుకొచ్చింది.

సెందాయిలో ఆ అవకాశం తోహోకు హోసోకు దక్కింది. 'హోసో' అంటే ప్రసారం. 1952 మే నెలలో రేడియో సెందాయి పేరుతో మొదలైన సంస్థ అది. టీబీసీ అని పిలుస్తారు. టెలివిజను ప్రసారాలు 1959 ఏప్రిల్ 1న ఆరంభమయ్యాయి. సరిగ్గా తొమ్మిది రోజులకు యువరాజు అకిహితో వివాహం జరిగింది. ఆ ఊరేగింపును ఇంట్లో కూర్చుని చూడాలన్న కోరికతోనే ఆ రోజుల్లో ఎన్నో జపాను కుటుంబాలు టీవీలు కొన్నాయి. ఏ ప్రాంతీయ కేంద్రానికైనా ప్రారంభానికి అంతకంటే మంచి ముహూర్తం దొరకదు.

ఆనాటి తెర మీద చిహ్నాలంటే ఉదయం ప్రసారం మొదలయ్యేటప్పుడు, రాత్రి ముగిసేటప్పుడు చూపే కొద్ది నిమిషాల చిత్రమే. సంస్థ పేరు, పిలుపు అక్షరాలు, ఆ ప్రాంతపు కొండో సముద్రమో, వెనుక సంగీతం. మిగతా రోజంతా తెర ఖాళీ. మూలల్లో ఏమీ ఉండదు. ఉదయం వేళల్లో మాత్రం ఎడమ మూలన గడియారం కనబడేది. బడికీ పనికీ పరుగెత్తేవారికి అది ఇంట్లో మరో గోడ గడియారం.

అంకెలే పేర్లు

మూలన గుర్తు లేకపోతే, చూస్తున్నది ఏ సంస్థో ప్రేక్షకుడికి ఎలా తెలుస్తుంది? అంకెను బట్టి తెలుస్తుంది. టీవీ పెట్టె మీది గుండ్రటి మీటను ఏ అంకె దగ్గరకు తిప్పారో అదే ఆ సంస్థ పేరు. టీబీసీ అంటే 1. ఎన్‌హెచ్‌కే అంటే 3, దాని విద్యా ఛానెలు 5. 1962 అక్టోబరు 1న రెండవ ప్రైవేటు సంస్థ సెందాయి హోసో వచ్చింది. దాని అంకె 12. దాని పిలుపు అక్షరాలు జేఓఓఎక్స్. అందులో చివరి రెండు అక్షరాలనే ఆ సంస్థ తన ముద్దుపేరుగా మలచుకుంది. సెందాయి వాసులకు అది 'ఓఎక్స్'. ప్రభుత్వం కేటాయించిన ఒక సాంకేతిక సంకేతాన్ని ఇంటిపేరుగా మార్చుకున్న ఆ తెలివి నాకు చాలా నచ్చింది.

1960ల చివరి నుండి యూహెచ్ఎఫ్ తరంగాలు అందుబాటులోకి వచ్చాయి. 1970 అక్టోబరు 1న మియాగి టెలివిజన్ 34వ అంకె మీద, 1975 అక్టోబరు 1న హిగాషి నిప్పన్ హోసో 32వ అంకె మీద మొదలయ్యాయి. మొదటి రెండు సంస్థలే ఉన్న రోజులలో అవి టోక్యోలోని వేర్వేరు సంస్థల కార్యక్రమాలను కలగలిపి చూపేవి. నలుగురు వచ్చాక ఒక్కొక్కరూ టోక్యోలోని ఒక్కొక్క పెద్ద సంస్థతో జత కట్టారు. టీబీసీ టోక్యోలోని టీబీఎస్‌తో, సెందాయి హోసో ఫుజితో, మియాగి టెలివిజన్ నిప్పన్ టెలివిజన్‌తో, హిగాషి నిప్పన్ హోసో టీవీ అసాహితో.

అంటే రోజులో అధికభాగం తెర మీద కనిపించేది టోక్యో తయారు చేసిన కార్యక్రమమే. సెందాయిది అని చెప్పుకోగలిగినవి స్థానిక వార్తలు, వాతావరణం, సాయంకాలపు ఒకటి రెండు కార్యక్రమాలు, ఆ అంకె. 1995లో మియాగి టెలివిజన్ మొదలుపెట్టిన సాయంకాల కార్యక్రమం పేరు 'ఓ! బందెస్'. 'ఒబందెస్' అన్నది తోహోకు ప్రాంతంలో సాయంత్రం పూట ఇరుగుపొరుగు చేసుకునే పలకరింపు. టోక్యో వారు అనే మాట వేరు. ఊరి మాట తెర మీద పెద్ద అక్షరాలతో కనబడడంలోని ఆనందం, మన యాసలో సినిమా సంభాషణ విని పొంగిపోయే మనకు ఎవరూ వివరించనక్కరలేదు.

అంకెల మార్పిడి

2003 డిసెంబరు 1న టోక్యో, ఒసాకా, నగోయాలలో డిజిటల్ ప్రసారాలు మొదలయ్యాయి. సెందాయికి అవి 2005 డిసెంబరు 1న చేరాయి. దీనితో రెండు మార్పులు వచ్చాయి.

మొదటిది, కుడి వైపు పై మూలన పలుచగా, వెనుక దృశ్యం కనబడేటట్లు సంస్థ చిహ్నం ప్రత్యక్షమైంది. జపాను వారు దీన్ని 'వాటర్‌మార్క్' అంటారు. మన కరెన్సీ నోటులో దాగిన బొమ్మ వంటిదన్న మాట. టోక్యో నుండి వచ్చే కార్యక్రమం మీద స్థానిక కేంద్రం తన చిహ్నాన్ని తానే అద్దుకుంటుంది. ప్రకటనలు వచ్చినప్పుడు చిహ్నం మాయమవుతుంది, కార్యక్రమం తిరిగి మొదలవగానే వస్తుంది. ఒకే నాటకాన్ని ఒకే క్షణంలో దేశమంతా చూస్తున్నా, మూలన గుర్తు మాత్రం ఏ ఊరికా ఊరిదే. యాభై ఏళ్ళుగా టోక్యో బొమ్మలకు తమ కిటికీని అద్దెకిచ్చిన ప్రాంతీయ కేంద్రాలకు ఆ కిటికీ మీద తమ పేరు వ్రాసుకునే అవకాశం తొలిసారి వచ్చింది.

రెండవ మార్పు దీనికి సరిగ్గా వ్యతిరేకమైనది. డిజిటల్‌లో అసలు తరంగానికీ, ప్రేక్షకుడు నొక్కే మీటకూ సంబంధం ఉండనక్కరలేదు. ఏ మీట నొక్కితే ఏ సంస్థ రావాలో ప్రసార సంకేతంలోనే వ్రాసి పంపుతారు. ఇప్పుడు ఆ అంకెలు పంచుకోవలసి వచ్చింది. చాలా ప్రాంతీయ సంస్థలు తమ టోక్యో జతగాడి అంకెనే తీసుకున్నాయి. 34గా ఉన్న మియాగి టెలివిజన్ 4 అయింది, ఎందుకంటే నిప్పన్ టెలివిజన్ 4. 32గా ఉన్న హిగాషి నిప్పన్ హోసో 5 అయింది, టీవీ అసాహి 5 కనుక. నలభై మూడేళ్ళుగా 12గా ఉన్న సెందాయి హోసో 8 అయింది, ఫుజి 8 కనుక. టీబీసీ జతగాడైన టీబీఎస్ అంకె 6. కాని టీబీసీ మాత్రం 6 తీసుకోలేదు. 1959 నాటి తన 1నే నిలుపుకుంది.

న్యాయంగా ఇక్కడ ఒక మాట చెప్పాలి. అంకె మార్చుకున్నది ప్రాంతీయ సంస్థలే కాదు. టోక్యోలో టీవీ అసాహి కూడా తన పాత 10ని వదులుకుని 5 అయింది, టీవీ టోక్యో 12ను వదులుకుని 7 అయింది. దేశమంతటా ఒకే అంకెతో ప్రచారం చేసుకోవచ్చు, ఊరు మారిన వారికి తికమక ఉండదు. వాదనలో బలం ఉంది. అయినా ఒక అవ్వ నలభై ఏళ్ళు 'పన్నెండు పెట్టరా' అని చెప్పిన చోట ఒకనాడు పన్నెండు లేకుండా పోవడాన్ని లెక్క కట్టే పద్ధతి ఏ ప్రణాళికలోనూ ఉండదు. మూలన పేరు వచ్చింది, చేతిలోని అంకె పోయింది.

నాలుగు అక్షరాల తాఖీదు

పాత అనలాగ్ ప్రసారాలను 2011 జూలై 24న ఆపివేయాలని ముందే నిర్ణయమైపోయింది. కోట్లాది పెట్టెలు మార్చాలి. ప్రజలకు ఎలా గుర్తుచేయాలి? తెర మూలలోనే. 2008 జూలైలో ఎన్‌హెచ్‌కే, టోక్యో సంస్థల అనలాగ్ ప్రసారాలలో కుడి పై మూలన ఒక మాట కనబడసాగింది. 2009 నాటికి ప్రాంతీయ కేంద్రాలకూ పాకింది. 'అ-న-రో-గు' అని నాలుగు కటకానా అక్షరాలు. అంతే. డిజిటల్ చూసేవారికి అదే మూలన సంస్థ చిహ్నం, పాత పెట్టెలో చూసేవారికి ఆ నాలుగు అక్షరాలు. నీ పెట్టెకు కాలం తీరబోతోంది అని ప్రతి నిమిషమూ చెప్పే తాఖీదు అది. 2010 జూలై నుండి పాత తెర మీద పైనా కిందా నల్లటి పట్టీలు వచ్చాయి. కింది పట్టీలో ముగింపు తేదీ గురించిన ప్రకటనలు నడిచేవి.

అదే 2010 జూలై 24న ఇషికవా రాష్ట్రంలో, నోతో ద్వీపకల్పం కొసన ఉన్న సుజు అనే చిన్న పట్టణంలోనూ దాని పరిసరాలలోనూ ఒక ఏడాది ముందుగానే అనలాగ్‌ను ఆపి చూశారు. దేశానికంతటికీ అది రిహార్సలు. ఈ సుజు పేరు గుర్తుంచుకోండి, చివరలో మళ్ళీ వస్తుంది.

మార్చి 11

మూలల కథలో మరో పాత్ర ఉంది. అది సునామీ పటం. హెచ్చరిక వెలువడగానే తెర మీద ఒక మూలన దేశపు పటం, తీరరేఖ వెంబడి మెరిసే రంగు గీతలు. 2010 ఫిబ్రవరి 28న చిలీ భూకంపం కారణంగా తోహోకు తీరానికి పెద్ద సునామీ హెచ్చరిక ఇచ్చారు. పటం గంటల తరబడి తెర మీదే ఉండిపోయింది. వచ్చిన అలలు మాత్రం ఒకటి రెండు మీటర్లను దాటలేదు.

ఏడాది తిరిగింది. 2011 మార్చి 11, మధ్యాహ్నం 2 గంటల 46 నిమిషాలు. ఈసారి పటం చెప్పినది అక్షరాలా జరిగింది. సెందాయి విమానాశ్రయం నుండి పైకి లేచిన ఎన్‌హెచ్‌కే హెలికాప్టరు, నాతోరి పొలాల మీదుగా నల్లటి నీరు ఇళ్ళనూ వాహనాలనూ తోసుకుంటూ పోవడాన్ని ప్రత్యక్షంగా చూపింది. మూలన పటం మెరుస్తూనే ఉంది. ఆ దృశ్యాన్ని టోక్యో చూసింది, న్యూయార్కు చూసింది, మనమూ చూశాము.

చూడలేకపోయినవారు ఆ తీరంలో ఉన్నవారే. భూకంపంతో తోహోకు విద్యుత్ సంస్థ పరిధిలో 40 లక్షలకు పైగా ఇళ్ళకు కరెంటు పోయింది. సెందాయి ఇళ్ళలో తెరలు నల్లబడిపోయాయి. ఎవరి కోసం ఆ పటం మెరుస్తోందో వారికి తప్ప మిగతా ప్రపంచానికంతటికీ అది కనబడింది. చరిత్రలో ఇంతటి క్రూరమైన విపర్యాసాలు అరుదుగా ఉంటాయి. కార్లలో ఉన్న చిన్న టీవీలు, చేతి ఫోన్లలోని 'వన్‌సెగ్' ప్రసారం, బ్యాటరీ రేడియోలు మాత్రమే దిక్కయ్యాయి.

ఇక్కడే ఒక చిన్న సాంకేతిక విశేషం చెప్పాలి. జపాను టీవీ 1 నుండి 3 వరకు ఉన్న తరంగాలు ఎఫ్ఎమ్ రేడియోకు ఆనుకునే ఉండేవి. అందువల్ల చాలా జపాను రేడియోలలో టీవీ 1, 2, 3 అంకెల శబ్దం వినబడేది. సెందాయిలో 1 టీబీసీ, 3 ఎన్‌హెచ్‌కే. అంటే కాలం తీరిందని మూలన ముద్ర వేయించుకున్న ఆ పాత అనలాగ్ ప్రసారాన్నే, కరెంటు లేని చీకటిలో, అరచేతిలోని రేడియోతో వినే వీలుండేది. డిజిటల్ టీవీకి అటువంటి సౌకర్యం లేదు.

పాతదాని విలువ చెప్పే మరో ఉదంతం పక్క రాష్ట్రం ఫుకుషిమాలో జరిగింది. కొరియామా కేంద్రంగా పనిచేసే ఫుకుషిమా సెంట్రల్ టెలివిజన్‌కు అణు కర్మాగారానికి సుమారు 17 కిలోమీటర్ల దూరంలో, కొండ మీద ఒక పాత తరం కెమెరా ఉండేది. మార్చి 12 మధ్యాహ్నం 3 గంటల 36 నిమిషాలకు ఒకటవ రియాక్టరు భవనం పేలిపోయిన క్షణాన్ని పట్టుకున్న టీవీ కెమెరా అదొక్కటే. కొద్ది నిమిషాలలోనే ఆ సంస్థ తన రాష్ట్ర ప్రేక్షకులకు ఆ దృశ్యాన్ని చూపింది. దేశమంతా చూసేసరికి గంటకు పైగా పట్టింది. ఆ మొదటి ప్రసారంలో చేరిన వారు ఆ ఊళ్ళ వారే. ప్రాంతీయ కేంద్రం ఎందుకు ఉండాలి అన్న ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు నాకు తెలియదు.

తరువాతి వారాలలో తెర ఆకారమే మారిపోయింది. దృశ్యాన్ని కొంచెం కుదించి, ఒక పక్కనా ఒక అంచునా ఇంగ్లీషు 'ఎల్' అక్షరం ఆకారంలో జాగా వదిలి, అందులో సమాచారం నడిపేవారు. నీళ్ళ ట్యాంకరు ఎక్కడికి వస్తుంది, ఏ ఆసుపత్రి తెరిచి ఉంది, ఏ దారి మూసివేశారు. లోపలి పెద్ద చిత్రం టోక్యోది, అంచు మాత్రం స్థానికులది. ఆ రోజులలో బ్రతికి ఉన్నవారికి పనికివచ్చినది ఆ అంచే.

ఎనిమిది నెలల ఆయువు

2011 జూలై 24 మధ్యాహ్నం దేశంలోని 44 రాష్ట్రాలలో అనలాగ్ కార్యక్రమాలు ఆగిపోయాయి. అంతకు ముందు జూలై 1 నుండి ఎడమ కింది మూలన 'ఇంకా ఇన్ని రోజులు' అని పెద్ద అంకె రోజుకొకటి తగ్గుతూ వచ్చింది. ఆగనివి మూడే రాష్ట్రాలు: ఇవాతే, మియాగి, ఫుకుషిమా. ఇళ్ళే కొట్టుకుపోయినవారిని కొత్త టీవీ కొనమని ఎలా అడుగుతారు? ప్రత్యేక చట్టం చేసి ఆ మూడింటికీ గడువును 2012 మార్చి 31కి మార్చారు.

ఆ విధంగా సెందాయిలో పాత 1, పాత 12, పాత 34, పాత 32 మరో ఎనిమిది నెలలు బ్రతికాయి. దేశమంతా వదిలేసిన అంకెల మీద, మూలన 'అనలాగ్' అనే మాటతో, కొత్త పెట్టె లేని ఇళ్ళలో పాత తెరలు వెలుగుతూనే ఉన్నాయి. జపాను అనలాగ్ టెలివిజను చివరి శ్వాస తీసుకున్నది టోక్యోలో కాదు, సునామీ తుడిచిన ఈ తీరంలోనే.

ముగింపు

విపత్తు తరువాత మూలల వ్యాకరణం కూడా మారింది. సునామీ పటంలో ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క రంగు వాడే పద్ధతి పోయి, రంగులను సరిగా గుర్తించలేని వారికీ తేడా తెలిసేటట్లు పెద్ద హెచ్చరికకు ఊదా, మామూలు హెచ్చరికకు ఎరుపు, జాగ్రత్త సూచనకు పసుపు అన్న ఒకే పద్ధతి స్థిరపడింది. 2016 నవంబరు 22న ఫుకుషిమా తీరాన భూకంపం వచ్చినప్పుడు ఎన్‌హెచ్‌కే తెర మీద చిన్నపిల్లలూ విదేశీయులూ చదవగలిగే తేలిక హిరగానా లిపిలో 'వెంటనే పారిపోండి' అన్న మాట నిండుగా నిలిచింది. 2024 జనవరి 1న నోతో ద్వీపకల్పాన్ని భూకంపం కుదిపినప్పుడు వార్తలు చదివే గొంతు మర్యాదలన్నీ పక్కన పెట్టి అరిచింది. ఆ రోజు ఎక్కువగా దెబ్బతిన్న ఊళ్ళలో సుజు ఒకటి. దేశంకంటే ఏడాది ముందుగా అనలాగ్‌ను వదిలి రిహార్సలు చేసిన ఆ ఊరే.

చివరిగా ఒక ముక్క. టీబీసీ పాత 1వ అంకె టీవీ తరంగం 90 నుండి 96 మెగాహెర్ట్జ్ వరకు ఉండేది. అనలాగ్ పోయాక ఖాళీ అయిన ఆ జాగాలో కొంత భాగాన్ని, ఏఎమ్ రేడియో సంస్థలు విపత్తుల వేళ కూడా స్పష్టంగా వినబడేందుకు ఎఫ్ఎమ్‌లోనూ ప్రసారం చేసుకోవడానికి కేటాయించారు. సెందాయిలో టీబీసీ రేడియోకు దక్కిన స్థానం 93.5. అంటే 1952లో రేడియోగా పుట్టిన సంస్థ, తన టీవీ ఖాళీ చేసిన ఇంటిలోకి తిరిగి రేడియోగానే వచ్చి చేరింది.

మీట మీది అంకెగా 1 నిలిచింది, దాని తరంగం గొంతుగా మారింది. తెర మూలన పలుచటి చిహ్నాన్ని ఇప్పుడు చూసినప్పుడల్లా నాకు అది అలంకారంగా కనబడదు. కరెంటు పోయిన రాత్రి కూడా నేను ఇక్కడే ఉన్నాను అని ఒక ఊరు చెప్పుకునే మాటగా కనబడుతుంది.

మీ మీ ఊళ్ళ రేడియో, టీవీ కేంద్రాల పాత గుర్తులు జ్ఞాపకం ఉన్నవారు వ్యాఖ్యలలో పంచుకోగలరు. అటువంటివి ఎవరో ఒకరు వ్రాసి పెట్టకపోతే అంకెలతో పాటు అవీ పోతాయి.